వంద వాట్లు అని రాసి ఉన్న నల్ల దిమ్మ: నాలుగు నెలల వాడకం తర్వాత

కాలిన వాసన మా షాపుకి కొత్త కాదు. సికింద్రాబాద్‌లో ఇరవై ఏళ్లుగా వాకీటాకీలు, రిపీటర్లు (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ దూరానికి పంపే సెట్లు) రిపేరు చేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. కెపాసిటర్ పేలితే ఒక వాసన, ట్రాన్స్‌ఫార్మర్ వార్నిష్ మాడితే ఇంకో వాసన, ముక్కుతోనే చెప్పేస్తాను. మార్చిలో జరిగిన నష్టం మాత్రం వాసన కూడా రాకుండా జరిగింది. 5 వాట్ల హ్యాండ్‌సెట్‌కి 2 వాట్ల 20 డీబీ ప్యాడ్ (అటెన్యూయేటర్, అంటే పవర్‌ని తగ్గించి కొలిచే యంత్రానికి పంపేది; 20 డీబీ అంటే వందో వంతుకి, 30 అంటే వెయ్యో వంతుకి) తగిలించి, హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర వచ్చే అనవసర సిగ్నళ్లు) ఎలా ఉన్నాయో చూద్దామని పీటీటీ, అదే మాట్లాడే బటన్, నొక్కి పట్టుకున్నాను. పది సెకన్లే కదా అనుకున్నాను. ఇంతలో ఫోన్ మోగింది. మాటల్లో పడి బొటనవేలు తీయడం మర్చిపోయాను.

తిరిగి ఎనలైజర్ (సిగ్నల్‌ని కొలిచి తెర మీద చూపించే యంత్రం) స్క్రీన్ చూస్తే సిగ్నల్ పడిపోలేదు సరికదా, దాదాపు నాలుగున్నర డీబీ పెరిగి కూర్చుంది. సెట్ పవర్ దానంతటది ఎలా పెరుగుతుందని కాసేపు బుర్ర గోక్కున్నాను. తర్వాత ప్యాడ్ విప్పి మల్టీమీటర్ పెట్టాను. మధ్య పిన్నుకీ బాడీకీ మధ్య 51 ఓమ్‌లు రావాల్సిన చోట 308 వచ్చింది. లోపల మొదటి రెసిస్టర్ తెగిపోయిందన్నమాట. వేడిలో ఎక్కువ భాగం మింగేది అదే. అది పోయేసరికి ప్యాడ్ 20 డీబీకి బదులు పదిహేనున్నర మాత్రమే తగ్గిస్తోంది, మిగతాదంతా నేరుగా ఎనలైజర్ నెత్తిన పడుతోంది. దాని ఇన్‌పుట్ 1 వాట్ దాకా తట్టుకుంటుంది కాబట్టి బతికి బయటపడ్డాను. అదే నా బల్ల మీద ఉండే చిన్న చేతి ఎనలైజర్ అయ్యుంటే ఆ రోజు దానికి కూడా దండ వేయాల్సి వచ్చేది.

అంతకుముందు చాలాసార్లు అదే ప్యాడ్‌ని అదే సెట్‌కి పెట్టాను, ఏమీ కాలేదు. అందుకే అలవాటయింది. రెండు వాట్లది ఐదు వాట్లు కాసేపు మోస్తుంది, మళ్లీ మోస్తుంది, ఒకరోజు మోయదు.

ఆ వారమే పెద్దది ఒకటి ఆర్డర్ పెట్టాను. 100 వాట్లు, 30 డీబీ, 50 ఓమ్‌లు, ఒక వైపు ఎన్ రకం కనెక్టర్ మేల్, ఇంకో వైపు ఎన్ ఫిమేల్. పేరున్న కంపెనీది కాదు. ఆన్‌లైన్‌లో దొరికే, పక్కటెముకల్లాంటి రెక్కలున్న నల్ల అల్యూమినియం దిమ్మ. పన్నులు, కొరియర్ కలిపి 7,850 రూపాయలు. పేరున్న అమెరికా కంపెనీల సరుకు కొత్తది కొనాలంటే దీనికి చాలా రెట్లు పెట్టాలి. పాతవి కోఠి గుజరాతీ గల్లీలో అప్పుడప్పుడు కనబడేవి, ఈసారి రెండు ఆదివారాలు తిరిగినా దొరకలేదు. అమ్మినవాడి పేరు రాయను. ఇలాంటి దిమ్మనే పదిమంది పది పేర్లతో అమ్ముతున్నారు, కాబట్టి పేరు కన్నా ఎలా పరీక్షించానో తెలిస్తేనే మీకు ఉపయోగం.

పెట్టె విప్పితే స్పాంజిలో దిమ్మ, రెండు ప్లాస్టిక్ మూతలు. అంతే. కాగితం లేదు. నాకు కావాల్సింది ఆ కాగితమే. అటెన్యూయేటర్ మీద 100 వాట్లు అని రాసి ఉంటే అది సగం వాక్యం. ఎంత వేడిలో 100 వాట్లు? ఎంతసేపు? ఫ్యాన్ పెడితేనా, పెట్టకపోయినానా? మంచి కంపెనీ అయితే డీరేటింగ్ గీత, అంటే వేడి పెరిగేకొద్దీ ఎంత పవర్ తగ్గించుకోవాలో చూపే గీత, ఇస్తుంది. ఉదాహరణకి 25 డిగ్రీల దగ్గర పూర్తి వంద, అక్కణ్ణుంచి ఏటవాలుగా దిగుతూ 125 డిగ్రీల దగ్గర సున్నా అని. ఆ లెక్కన మే నెలలో 42 డిగ్రీలుండే మా షాపులో వంద వాట్ల ప్యాడ్ 83 వాట్లదే అవుతుంది. రెక్కలకి గాలి తగలని మూల పెడితే ఇంకా తక్కువ. అమ్మినవాడికి మెసేజ్ పెట్టి ఆ గీత అడిగాను. "100 వాట్స్ ఓకే సర్" అని జవాబు వచ్చింది, కింద చేతులు జోడించిన బొమ్మ.

సరే, మన గీత మనమే గీసుకుందాం అనుకున్నాను.

ముందు మల్టీమీటర్. కొత్త ప్యాడ్ ఏది చేతికొచ్చినా నేను చేసే మొదటి పని ఇదే, మీరూ చేయండి, పైసా ఖర్చు లేదు. రెండో వైపు ఖాళీగా వదిలేసి పిన్నుకీ బాడీకీ మధ్య చూడాలి. 30 డీబీ అయితే 50కి ఒక చుక్క ఎక్కువ, 20 అయితే 51, 10 అయితే 61, 3 డీబీ అయితే 150 వస్తాయి. రెండు వైపుల నుంచీ ఒకే అంకె రావాలి. దీనికి ఒకవైపు 50.3, ఇంకోవైపు 49.9 వచ్చాయి. తర్వాత నానో వీఎన్ఏ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్ ఎంత తగ్గుతోందో, ఎంత వెనక్కి వస్తోందో కొలిచే చిన్న యంత్రం) పెట్టాను. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 30.1 డీబీ, 435 దగ్గర 30.2. ఎస్‌డబ్ల్యూఆర్ (సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) రెండు చోట్లా 1.1 లోపే. నా పని 136 నుంచి 470 మధ్యలోనే కాబట్టి ఇక్కడ వంక పెట్టడానికేం లేదు. ఈ ధరకి ఇంత శుభ్రమైన రీడింగ్ ఆశించలేదు కూడా.

అసలు పరీక్ష వేడిది. 50 వాట్లు అంటే మా లెక్కలో 47 డీబీఎం (ఒక మిల్లీవాట్‌ని సున్నాగా పెట్టుకున్న డీబీ లెక్క). 30 తీసేస్తే 17, అంటే 50 మిల్లీవాట్లు. లోపలికి 50 వాట్లు పోతే బయటికి వచ్చేది అంతే, మిగిలిన 49.95 వాట్లూ ఆ దిమ్మలో వేడిగా మారాల్సిందే. చేతిలో పట్టుకునే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండు ఒకే చిన్న డబ్బాలో పెట్టి మూత వేసినట్టు ఊహించుకోండి. అదీ సమానంగా పంచుకోదు. మామూలు మూడు రెసిస్టర్ల లెక్క వేస్తే 30 డీబీ ప్యాడ్‌లో రేడియో వైపున్న మొదటి రెసిస్టర్ ఒక్కటే 94 శాతం మింగుతుంది. 50 వాట్లలో 47 వాట్లు దాని పాలే. ఇంట్లో పెద్దకొడుకులాగా.

బల్ల మీద వరస ఇలా పెట్టాను: ఒక ఫ్యాక్టరీ నుంచి రిపేరుకొచ్చిన 50 వాట్ల వీహెచ్ఎఫ్ రిపీటర్, దాని తర్వాత నా పాత బర్డ్ 43 వాట్‌మీటర్, దాని తర్వాత ఈ దిమ్మ, ఆ తర్వాత ఇంకో 2 వాట్ల చిన్న 20 డీబీ ప్యాడ్, చివర ఎనలైజర్. పెద్దది ముందు, చిన్నది వెనక. చిన్నదానికి చేరేది 50 మిల్లీవాట్లే కాబట్టి అది చల్లగా కూర్చుంటుంది. రెక్కల మధ్య థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) టేపుతో అంటించాను. సాయంత్రం, షాపులో 34 డిగ్రీలు, ఫ్యాన్ ఆపేశాను. మా మేనల్లుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు.

ఐదు నిమిషాలకి 63 డిగ్రీలు. పది నిమిషాలకి 76. పదిహేనుకి 82. ఇరవైకి 84 దగ్గర నెమ్మదించింది. అంటే 50 వాట్లకి గది వేడి మీద 50 డిగ్రీలు ఎక్కుతోంది, వాట్‌కి ఒక డిగ్రీ అనుకోండి. ఇప్పుడు మీరే లెక్క వేయండి. అలా గాలి లేకుండా వంద వాట్లు ఎక్కిస్తూ పోతే రెక్కల దగ్గరే 134 దాకా పోతుంది, లోపల సిరామిక్ ముక్క మీద ఇంకెంత ఉంటుందో. గాలి లేకుండా ఎడతెగని వంద వాట్లు దీనివల్ల కాదు. బరువు తూచితే తేలింది 400 గ్రాములు, దానితోనే నాకు సగం అనుమానం వచ్చింది. వంద వాట్ల వేడిని ఊరికే గాలికి వదలాలంటే ఇంకాస్త లోహం, ఇంకాస్త రెక్క ఉండాలి.

మర్నాడు అదే పరీక్ష పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి 12 వోల్టులకి కలిపి, రెక్కల మీదికి ఊదేలా పెట్టి చేశాను. 50 వాట్లకి 58 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. గది వేడి మీద ఎక్కేది సగానికి సగం తగ్గింది! ఆ ఫ్యాన్ ఖరీదు వంద రూపాయలు కూడా చేయదు. అమ్మినవాడు "ఫ్యాన్ పెట్టుకోండి" అని ఒక్క ముక్క రాసుంటే వంద వాట్లు అన్నదానికి కొంతైనా అర్థం ఉండేది.

ఆ ఇరవై నిమిషాల్లో ఇంకోటి గమనించాను. ఎనలైజర్‌లో సిగ్నల్ నెమ్మదిగా 0.4 డీబీ దిగింది. ముందు ప్యాడ్‌నే తిట్టాను. తర్వాత బర్డ్ సూది చూస్తే 50 దగ్గర ఉండాల్సింది 47కి వచ్చింది. రిపీటర్ తనే వేడెక్కి పవర్ తగ్గించింది, 50 నుంచి 47 అంటే 0.27 డీబీ. మిగిలిన 0.13 ప్యాడ్‌దో, సూది చూసే నా కంటిదో. కాబట్టి ఈ విషయంలో ప్యాడ్‌కి నా వంతు క్షమాపణ. వేడెక్కినా విలువ పెద్దగా జరగలేదు, బాగుంది.

వంద వాట్లు ఎక్కించి చూడలేదా అంటే, చూశాను. మా హామ్ (సరదాకి రేడియో నడిపే) మిత్రుడొకాయన తన వంద వాట్ల హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్ తెచ్చాడు. 7 మెగాహెర్ట్జ్ మీద క్యారియర్ (మాట లేని నిలకడ సిగ్నల్) వదిలి, ఫ్యాన్ లేకుండా మూడు నిమిషాలు ఉంచాం. 34 నుంచి 74కి పోయింది. ఆయన ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అన్నాడు, నేను వద్దన్నాను. 7,850 రూపాయలు నావి కదా. ఆయన వాడే పద్ధతికైతే ఇది హాయిగా సరిపోతుంది. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిలో కంప్యూటర్ చిన్న సందేశాల్ని పంపుతుంది: దాదాపు పన్నెండున్నర సెకన్లు పంపడం, మళ్లీ తన వంతు వచ్చేదాకా ఊరుకోవడం. అర నిమిషం మీద సగటు తీస్తే వందలో 42 వాట్లే. ఎస్ఎస్‌బీలో (హామ్‌లు మాట్లాడే పద్ధతి, మాట ఉన్నప్పుడే పవర్ పోతుంది) మాట్లాడితే ఇంకా తక్కువ. మాకు అలా కాదు. ఎఫ్ఎం రిపీటర్ నోరు తెరిచిందంటే నువ్వు మాట్లాడినా మౌనంగా ఉన్నా పూర్తి యాభై వాట్లు అలా కారుతూనే ఉంటాయి. ఒకే వంద వాట్ల లేబుల్ ఆయనకి నిజం, నాకు సగం నిజం.

పీక్ పవర్ అని ఇంకో అంకె ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. 2 వాట్ల చిన్న ప్యాడ్‌కి కూడా పీక్ వందల వాట్లు అని డేటాషీట్‌లో కనబడుతుంది. అది మైక్రోసెకన్ల పాటు వచ్చిపోయే రాడార్ పల్స్‌ల లాంటి వాటికి. సగటు మాత్రం ఆ 2 వాట్లే. వాకీటాకీకి ఆ పీక్ అంకెతో పనే లేదు.

ఇక నాకు బాగా మండిన విషయం. ఇలాంటి పెద్ద ప్యాడ్‌లకి దిక్కు ఉంటుంది, అంటే పవర్ లోపలికి పోయే వైపు ఒకటి, బయటికి వచ్చే వైపు ఇంకొకటి. మొదటి రెసిస్టరే భారం మోస్తుందని చెప్పాను కదా, అందుకని ఆ ఒక్కదాన్నే పెద్దది పెట్టి, చివరిదాన్ని చిన్నది పెడతారు. తిరగేసి కలిపితే ఆ చిన్నదాని మీద 94 శాతం పడుతుంది. చిన్న సిగ్నల్‌తో కొలిస్తే ఎటు నుంచైనా 30 డీబీనే చూపిస్తుంది కాబట్టి తేడా కనబడదు, పవర్ ఎక్కించాకే తెలుస్తుంది. అంత ముఖ్యమైన "ఇన్" అనే మాటని వీళ్లు కాగితం స్టిక్కర్ మీద అచ్చేసి అంటించారు! రెండో వారానికల్లా వేడికి అంచులు లేచి, అప్పడంలా ముడుచుకుంది. మూడో వారం ఊడి బల్ల కింద దొరికింది.

ఆ మర్నాడే మా మేనల్లుడు ఒక మొబైల్ సెట్‌ని దీనికి కలుపుతున్నాడు. సెట్ నుంచి వచ్చే కేబుల్ చివర ఎన్ మేల్ ఉంది, అది సహజంగా ఫిమేల్ వైపే పడుతుంది. అటువైపు అవుట్‌పుట్.

"మామా, ఇది ఏ వైపు పెట్టినా ఒకటే కదా? యూట్యూబ్‌లో రెండువైపులా ఒకటే అన్నాడు."

"ఆగరా అల్లుడూ, మైక్ కింద పెట్టు ముందు."

వాడు చూసింది చిన్న ప్యాడ్ గురించి. ఆ చిన్నవి చాలావరకు నిజంగానే రెండువైపులా ఒకటే. ఆ సాయంత్రమే చెక్కే మిషన్ ఉన్న పక్క షాపు ఆయన దగ్గరికి తీసుకెళ్లి మేల్ వైపు బాణం చెక్కించి, గీతలో ఎర్ర నెయిల్ పాలిష్ నింపాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ సీసా వెతుకుతోంది.

ఇంకో జాగ్రత్త. లోపల ఏముందో విప్పి చూడాలని నాకూ చేతులు దురద పెట్టాయి, విప్పలేదు. ఎక్కువ పవర్ రెసిస్టర్ల కింద ఉండే సిరామిక్ బెరీలియం ఆక్సైడ్ అయ్యుండొచ్చు, అల్యూమినియం నైట్రైడ్ అయ్యుండొచ్చు. రెండూ వేడిని బాగా లాగుతాయి, మామూలు అల్యూమినా వాటి దగ్గరికి కూడా రాదు. మొదటిదాని పొడి మాత్రం ఊపిరితిత్తులకి విషం, పీల్చిన కొన్నేళ్లకి కూడా జబ్బు బయటపడొచ్చు. గట్టిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. అరగదీసినా, పగలగొట్టినా, డ్రిల్ పెట్టినా ప్రమాదం. ఇందులో ఏది వాడారో లేబుల్ మీద రాయలేదు, అడిగితే మళ్లీ చేతులు జోడించిన బొమ్మే. పాత సరుకు కొనేవాళ్లు కాలిపోయిన ప్యాడ్‌లని సుత్తితో విప్పే అలవాటుంటే ఇప్పుడే మానేయండి.

నాలుగు నెలల్లో దీనితో అరవైకి పైగా సెట్లు చూశాను. అనుకోకుండా దొరికిన లాభం ఒకటుంది. ఎనలైజర్ కలపడం మర్చిపోయి అవుట్‌పుట్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా సెట్‌కి 50 ఓమ్‌లే కనబడతాయి, 30 డీబీ దూరంలో ఉన్న తప్పు దాని దాకా రాదు. అందుకని యాంటెన్నా బదులు సెట్ పవర్‌ని మింగడానికి వాడే నా డమ్మీ లోడ్‌కి సెలవిచ్చేశాను, చాలా పనులకి ఇదే బల్ల మీద ఉంటోంది. 3 డీబీ ప్యాడ్‌కి ఈ సుగుణం ఉండదు, చివర ఖాళీగా వదిలేస్తే సగం దెబ్బ... కాదు, పావు వంతు పవర్ వెనక్కి వచ్చి సెట్‌కే తగులుతుంది.

ఫిమేల్ కనెక్టర్ బిగింపు బాగుంది. మేల్ వైపు నట్ మాత్రం వేడిగా ఉన్నప్పుడు కాస్త వదులవుతోంది, పని మొదలుపెట్టే ముందు ఒకసారి వేళ్లతో చూసుకోవాలి. ఎన్ నుంచి ఎస్ఎంఏకి (చిన్న రకం కనెక్టర్) మార్చే అడాప్టర్ దానితోపాటు ఫ్రీగా రాలేదు, విడిగా చవకది కొని సెట్ వైపు పెట్టొద్దు. నేను పెట్టిన ఒకటి 50 వాట్లకి ప్యాడ్ కన్నా ముందు చేయి కాల్చింది. ఎస్ఎంఏ అడాప్టర్ ఏదైనా అవుట్‌పుట్ వైపే.

ఎవరు కొనొచ్చంటే, 25 నుంచి 50 వాట్ల మొబైల్ సెట్లు చూసే నాలాంటి రిపేరు షాపులు, వంద వాట్ల సెట్‌తో ఎస్ఎస్‌బీ, ఎఫ్‌టీ8 ఆడుకునే హామ్‌లు. ఫ్యాన్ పెట్టుకుని, దిక్కు చూసుకుని వాడితే ఈ ధరకి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. వంద వాట్ల రిపీటర్‌ని గంటలకొద్దీ సోక్ టెస్ట్ చేసేవాళ్లు దీని జోలికి పోవద్దు, 200 వాట్లదో, అంతకన్నా పెద్దదో కొనండి. నేను స్టిక్కర్ ఊడిన చోట పెయింట్ మార్కర్‌తో "50 వాట్లు, గాలి లేకపోతే 10 నిమిషాలు" అని రాసుకున్నాను. మా షాపు వరకు దాని రేటింగ్ అదే.

పోయిన వారం అమ్మినవాడు మెసేజ్ పెట్టాడు, ఐదు నక్షత్రాలు ఇస్తే 200 రూపాయల కూపన్ పంపుతానని. స్టిక్కర్‌కి ఒకటి, ఇవ్వని కాగితానికి ఇంకొకటి తగ్గించి మూడు ఇచ్చాను, థర్మోకపుల్ అంకెలు కూడా కింద రాశాను. కూపన్ ఇంకా రాలేదు.